దారం కొరుకుతున్న ఫొటో

మేడమీదావిడ చెప్పిందట. ఊరికే చెప్పలేదట, తాడుమీద ఆరిన బట్టలు తీస్తూ, అటూ ఇటూ ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి మరీ చెప్పిందట. వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మకి క్షయ అట. ఊపిరితిత్తులు రెండూ జల్లెడైపోయాయట. ఇందులో తను కల్పించిందేమీ లేదట, తన ఆడపడుచు ఆస్పత్రికి వెళ్ళి కళ్ళారా చూసిందట, గేటు పక్క గోడకి నిలువెత్తు బొమ్మ అంటించారట. జబ్బు లేని మనిషి బొమ్మ ఆస్పత్రివాళ్ళు ఎందుకు అంటిస్తారు, వాళ్ళకేం పనీపాటా లేదా అని అడిగిందట. మొన్ననే మనవరాలికి ఆవిడ దగ్గర గౌను కుట్టించి ఉందేమో, విన్న మరుక్షణం ఆ గౌనుని మరిగే నీళ్ళలో వేసి ఉడకబెట్టిందట. గౌను రంగు దిగిపోయింది. ఆ పాపం కూడా టైలరమ్మ ఖాతాలోకే వెళ్ళిందట.

ఈ 'అట'లన్నిటినీ ఫొటోగ్రాఫరు భార్య మధ్యాహ్నం భోజనాల దగ్గర, కూరతోపాటు వడ్డించింది. ఆవిడకి మేడమీదావిడ మాటమీద పెద్ద నమ్మకం లేదు. కానీ నమ్మకం లేనంత మాత్రాన మాట మోసుకురాకుండా ఉండలేదు.

ఫొటోగ్రాఫరుని వీధిలో అందరూ 'నవ్వండిగారు' అంటారు. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదని తెలిసి కూడా, అలవాటుకొద్దీ 'కొంచెం నవ్వండి' అని, వాళ్ళు నవ్వాక 'అంత వద్దండి' అని, చివరికి ఏడవలేక నవ్వలేక ఉన్న మొహాన్ని పట్టుకునే మనిషి. అతను తలెత్తకుండానే అడిగాడు.

"ఏ బొమ్మట?"

"కిటికీ పక్కన కూర్చుని, నోటిదగ్గర చెయ్యి పెట్టుకుని ఉంటుందట. మీరు తీసినదాన్లాగే ఉందేమిటా అనుకున్నాను."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఎదురుగా తింటున్న కూతురు చెయ్యి కూడా కంచంలో ఆగింది. కాలేజీలో చదివే పిల్ల. తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ చూడకూడదన్నట్టు నీళ్ళగ్లాసు వైపు తిరిగింది.

అతనికి ముందుగా వచ్చింది కోపం. ఆ ఫొటో తన ఫొటోల్లోకెల్లా మంచి ఫొటో. చొక్కా బిగుతైందని వదులు చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు, పొద్దుటి వెలుగు కిటికీలోంచి వాలుగా వచ్చి మిషను చక్రంమీద, ఆవిడ చెంపమీద, వేలికి చుట్టుకున్న దారంమీద పడింది. ఆవిడ తలవంచి, గుడ్డని నోటిదాకా తెచ్చుకుని, కుట్టు చివర దారం కొరుకుతోంది. మెడలో కెమెరా ఉంది. ఒక్క నొక్కు. 'నా మొహం ఎందుకన్నయ్యగారూ, వెళ్ళి పూలని తీసుకోండి' అని ఆవిడ నవ్వేలోపు అయిపోయింది. తర్వాత పెద్దది చేయించి, పటం కట్టించి తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆవిడ దాన్ని మిషను పైన గోడకి తగిలించుకుని, బట్టలు తెచ్చినవాళ్ళందరికీ చూపించుకుని మురిసిపోయింది.

అలాంటి ఫొటోని అడక్కుండా, చెప్పకుండా, గోడలకి అంటిస్తారా?

"కాపీరైటు అంటే ఏమిటో చూపిస్తాను వాళ్ళకి" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"ముందు ఆవిడ సంగతేమిటో చూడండి" అంది భార్య.

"ఆవిడ సంగతీ అందులోదే" అన్నాడు. కూతురు ఏదో అనబోయి, కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళాడు. పోస్టరు వెతకాల్సిన పని లేకపోయింది. రోడ్డు మలుపు తిరుగుతూనే ఆవిడ కనిపించింది. మనిషికంటే పెద్దగా ఉంది. వాళ్ళు మిషనుని కోసేశారు. దారాన్ని చెరిపేశారు. చెంపమీది పసుపు వెలుగుని నీలం చేసేశారు. ఇప్పుడు చూస్తే ఒక పాలిపోయిన ఆడమనిషి గుడ్డలోకి దగ్గుతోంది, అంతే. నెత్తిన ఎర్రటి అక్షరాలు: 'ఈ దగ్గుని దాచకండి.'

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పక్కన బెంచీమీద చీటీలు పట్టుకుని వరసలో ఉన్న రోగులు అతన్ని చూశారు, పోస్టరుని చూశారు. ఒక పెద్దాయన, పోస్టరులో ఉన్నావిడ అతనికి కావలసిన మనిషేమో అనుకున్నాడు కాబోలు, 'మందులు మానకుండా వాడితే తగ్గిపోతుంది నాయనా, దిగులు పడకు' అని ధైర్యం చెప్పాడు. ఫొటోగ్రాఫరు తల ఊపాడు. ఏం ఊపాడో అతనికే తెలియదు.

నాణ్యత చూడకుండా ఉండలేని కన్ను అది. అచ్చు ఎలా వచ్చిందా అని వంగి చూస్తుంటే కింద అంచున, నిలువుగా, చీమల బారంత సన్నగా ఏవో అక్షరాలు కనిపించాయి. మెడ వంచి చదివాడు. 'ఫొటో' అని ఉంది, దాని పక్కన తన స్టూడియో పేరు. ఊరితో సహా.

చదవగానే ఒక్క క్షణం, తన ప్రమేయం లేకుండానే, ఛాతీ కొంచెం పొంగింది. ఇన్నేళ్ళ పనిలో తన పేరు ఇంత పెద్ద బొమ్మమీద ఎప్పుడూ పడలేదు. ఆ పొంగు దిగేలోపే ఇంకో సంగతి తట్టింది. పేరు వేశారంటే దొంగతనం కాదు. దొంగ పేరు వెయ్యడు.

బెంచీమీద వాళ్ళు చీటీల గొడవలో పడ్డాక, చేతిసంచీని అడ్డం పెట్టుకుని, బొటనవేలి గోరుతో ఆ అంచుని గీకడం మొదలుపెట్టాడు. కాగితం మందంగా ఉంది. గోరు సందులోకి తెల్లటి పిండి చేరింది. స్టూడియో పేరు పోయింది, తర్వాత ఊరు పోయింది. పైనున్న మొహంవైపు చెయ్యి వెళ్ళలేదు. అది అంత ఎత్తున ఉంది మరి, అనుకున్నాడు.

ప్రచార విభాగం మేడమీద ఉంది. అక్కడి అధికారి వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. పోట్లాటకి సిద్ధపడి వచ్చినవాడికి మర్యాద జరిగితే ఎటు తిరగాలో తెలియదు. ఫొటోగ్రాఫరు టీ పట్టుకుని కూర్చున్నాడు.

"మీ పని చాలా బాగుందండి. మా డిజైనరు వందల ఫొటోలు చూసి మీది పట్టుకుంది. పేరు కూడా వెయ్యమని నేనే పట్టుబట్టాను, కళాకారుడికి గుర్తింపు ఉండాలి కదా" అన్నాడు అధికారి.

ఆవిడ జబ్బుమనిషి కాదనీ, తమ వీధిలో బట్టలు కుట్టుకునే మనిషనీ, వెంటనే తీయించాలనీ ఫొటోగ్రాఫరు చెప్పాడు. తను అనుమతి ఇవ్వలేదని కూడా అన్నాడు. అధికారి నొచ్చుకోలేదు. కంప్యూటరు తెరని అతనివైపు తిప్పాడు.

ఫొటోలు పెట్టుకునే ఆ సైటులో అతని పేజీయే అది. ఫొటో కింద పచ్చటి గుర్తు ఉంది. ఆ గుర్తు అతనికి బాగా తెలుసు. ఎక్కించేటప్పుడు సైటు రెండు దారులు చూపిస్తుంది. హక్కులన్నీ నావే అనేది ఒకటి. పేరు వేసి ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు అనేది రెండోది, పచ్చటి గుర్తు దీనిదే. మొదటి దారిన వెళ్ళినన్నాళ్ళూ అతని ఫొటోల్ని పలకరించిన దిక్కు లేదు. రెండో దారి పట్టాక లోకం తలుపులు తెరుచుకున్నట్టయింది. ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకున్నారు. ముందు పేజీలో పెట్టారు. స్టూడియోలో రోజంతా ఈగలు తోలుకునే మనిషికి, పొద్దున్నే ఆ మెప్పులు చదువుకోవడం ఒక వ్యసనమైంది.

"ఇప్పుడు ఆ గుర్తు తీసేస్తాను" అన్నాడు.

"తీసెయ్యండి. ఇకమీదట తీసుకునేవాళ్ళకి కుదరదు. ఇదివరకే తీసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి లాక్కోవడానికి లేదండి, ఆ షరతు అక్కడే రాసి ఉంది." అధికారి టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "ఇంతకీ అభ్యంతరం మీదా, ఆవిడదా?"

"ఆవిడది కూడా."

"ఆవిడదైతే, ఫొటోలో ఉన్న మనిషి ఒప్పుకోలు తీసుకునే బాధ్యత ఎక్కించినవాళ్ళదేనని దాని కిందే ఉంది. ఆవిడ సంతకం మీ దగ్గర ఉండే ఉంటుంది కదండీ?"

బయట వరండాలో ఎవరో దగ్గారు. నిజమైన దగ్గు, పేగులు కదిలేలాంటిది. ఇద్దరూ అది ఆగేదాకా ఆగారు. ఫొటోగ్రాఫరు టీ గ్లాసు బల్లమీద పెట్టాడు.

"అయినా ఆవిడ దగ్గడం లేదు బాబూ. దారం కొరుకుతోంది. మీ డిజైనరు దగ్గు అని ఎలా అనుకుంది?"

అధికారి ఇబ్బందిపడ్డాడు. పేజీని కిందికి జరిపాడు. ఫొటో అడుగున, వెతికేవాళ్ళకి దొరకడం కోసం రాసుకునే మాటలు వరసగా ఉన్నాయి. కుట్టుమిషను. దారం. కిటికీ. వెలుగు. ఆడమనిషి. ఒంటరి. పేదరికం. అలసట. అనారోగ్యం. దగ్గు.

"మేము 'దగ్గు' అని వెతికామండి. మీది పైన వచ్చింది."

ఆ ఫొటో ఎక్కించిన సాయంత్రం ఫొటోగ్రాఫరుకి కళ్ళముందు ఆడింది. స్టూడియోలో పని లేదు. తను ఫొటోలు ఎక్కిస్తున్నాడు, కూతురు పక్కన కూర్చుని కీబోర్డుమీద మాటలు కొడుతోంది. మాటలు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువమంది కంట పడుతుందని సైటువాళ్ళే చెప్పారు. ఇంకో నాలుగు చెప్పు, ఇంకో నాలుగు చెప్పు, అంటున్నాడు తను. పిల్ల తోచినవన్నీ చెబుతూ, చివరికి నవ్వుతూ, 'నోటికి చెయ్యి అడ్డం ఉందిగా, దగ్గు అని కొట్టనా నాన్నా' అంది. 'కొట్టు, పోయేదేముంది' అన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సు వెనక అద్దంమీద ఆవిడే ఉంది. బస్సు కదిలిపోతూ, దూరమౌతూ, గుడ్డలోకి దగ్గుతూనే ఉంది.

వీధి మొదట్లో నిలబడితే మామూలుగా టైలరమ్మ మిషను చప్పుడు వినిపిస్తుంది. ఆ రోజు వినిపించలేదు. అన్నాళ్ళూ వినిపించేదని కూడా అతనికి అప్పుడే తెలిసింది.

కొట్టు అంటే కొట్టు కాదు, వీధిలోకి తలుపున్న ఒక గది. వెనక ఇంకో చిన్న గదిలో ఆవిడ కాపురం. భర్త లేడు, పిల్లలు లేరు, మిషనే అన్నీ. గుమ్మం బయట, మెట్టు కింద, బడి ఆయా నిలబడి ఉంది. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుంది. కొత్త యూనిఫారాల గుడ్డ వెనక్కి తీసుకురమ్మని బడివాళ్ళు పంపారు.

టైలరమ్మ లోపల చాపమీద కూర్చుని మూటలు కడుతోంది. కత్తిరించిన కాలర్లు ఒక కట్ట, జేబులు ఒక కట్ట, చేతులు ఒక కట్ట. ఏ సైజు ఏదో సుద్దతో గుర్తు వేసి, అంచు గుడ్డ చించి, ఆ పీలికతోనే ముడి వేస్తోంది. ముడి ముడికీ గట్టిగా లాగుతోంది. కత్తిరించినవి ఇంకో టైలరుకి కొలత తెలియక పాడైపోతాయనీ, ఇవైనా కుట్టి ఇస్తాననీ చెప్పి చూసిందట. పెద్ద టీచరుకి తనమీద నమ్మకం ఉందట, కానీ తల్లులు ఒప్పుకోవడం లేదట.

"నాదేముందక్కా, తెమ్మన్నారు, వచ్చాను" అంది ఆయా రుమాల్లోంచి. మూటల్ని చేత్తో అందుకోలేదు. మెట్టుమీద పెట్టమంది. టైలరమ్మ పెట్టి లోపలికి వెళ్ళాకే తీసుకుంది.

తలుపు రెక్కకి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం వేలాడుతోంది. జబ్బు లేదని ఆస్పత్రివాళ్ళే పరీక్ష చేసి ఇచ్చిన కాగితం. అది తగిలించాక పరిస్థితి ఇంకా చెడిందట. ఏమీ లేకపోతే పరీక్ష దాకా ఎందుకు వెళ్ళిందని అడుగుతున్నారట. గది అద్దెకిచ్చిన ఇంటాయన కూడా వచ్చి వెళ్ళాడు. మనిషి మంచివాడే, నసిగి నసిగి, పైవాటాలో చిన్నపిల్లలున్నారమ్మా, నెలాఖరుకి ఇంకో చోటు చూసుకోమ్మా అని చెప్పి వెళ్ళాడట. ఇంకో చోటు దొరికినా గిరాకీ ఎక్కడిది, ఊళ్ళో ఏ మూలకి వెళితే ఆ మూల తన మొహం తనకంటే ముందు వెళ్ళి కూర్చుంటుంటే.

ఇవన్నీ ఆవిడ తిన్నగా, ఒకరి బట్టల కొలతలు చెబుతున్నట్టు చెప్పింది. చెబుతూనే మిషను దగ్గరికి వెళ్ళి ఏదో చిన్న చిరుగు కుట్టింది. కుట్టు అయ్యాక గుడ్డని నోటిదాకా తెచ్చుకుంది. అక్కడ ఆగింది. గుడ్డ దించేసి, కత్తెర కోసం వెతికి, దారం కత్తిరించింది.

ఫొటోగ్రాఫరు గోడవైపు చూశాడు. పటం అక్కడే ఉంది.

"అందరికీ చూపించుకున్నాను అన్నయ్యగారూ, నా బుద్ధికి" అంది ఆవిడ, అతని చూపు పట్టుకుని. "వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఎవరో ఫోనుతో దీన్ని తీసుకుపోయి ఉంటారు. మీకీ లోకమంతా తెలుసు. మీ ఫొటో పట్టుకుపోయినవాళ్ళు ఎవరో మీరే కనుక్కోవాలి."

చెప్పేస్తే ఆ క్షణంలోనే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆవిడ స్టూలుని కొంగుతో తుడిచి అతని ముందుకి జరిపింది. ఈ మధ్య ఆ గదిలో ఎవరూ కూర్చోలేదని, దానిమీద పేరుకున్న దుమ్ము చెబుతోంది. అతను కూర్చున్నాడు.

"కనుక్కుంటాను చెల్లెమ్మా" అన్నాడు.

మర్నాడు స్టూడియో షట్టరు సగం దించి, తండ్రీ కూతుళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నారు. వెనక నీలాకాశం తెర వేలాడుతోంది. గొడుగు దీపం మూల ముడుచుకుని ఉంది. ఫొటోని సైటులోంచి తీసెయ్యడానికి రెండు నొక్కులు పట్టాయి. ఎక్కించినంత సులువు.

"అయిపోయిందా?" అన్నాడు.

"ఇక్కడ అయిపోయింది" అంది కూతురు.

ఫొటోని బట్టి ఫొటోని వెతికే పద్ధతి ఒకటుందట. ఆ పిల్లే చేసింది. తెర నిండుగా టైలరమ్మలు వచ్చారు. ఒకచోట దగ్గుమందు అమ్ముతోంది. ఒకచోట బీమా కట్టనందుకు బాధపడుతోంది. ఇంకోచోట, తెలియని భాషలో, ఆవిడ మొహం పక్కన ఒక ఇంటి ఫొటో, పోలీసు బండి ఫొటో ఉన్నాయి. అక్కడ ఏం చేసిన మనిషిగా ఆవిడ ఉందో వాళ్ళకి అర్థం కాలేదు. కొన్నిటిలో ఆవిడని ముసలిదాన్ని చేశారు. ఒకదాంట్లో కుడి ఎడమలు మార్చారు, దారం కొరికే పన్ను అటు మారింది. కింద అంచుల్లో అక్కడక్కడ అతని స్టూడియో పేరు ఉంది, వాళ్ళు మర్యాదగా వేశారు.

అతను ఒక్కొక్కళ్ళకీ రాయమన్నాడు. పిల్ల రాయడం మొదలుపెట్టి, కొంతసేపటికి మానేసింది. తండ్రి చూడటం లేదనుకుని అతని పేజీకి తిరిగి వెళ్ళింది. అతను చూస్తూనే ఉన్నాడు. పేజీ కిందికి, ఇంకా కిందికి జరుపుతూ వెళ్ళి ఒకచోట ఆగింది.

ఆ ఫొటోలో ఆ పిల్లే ఉంది. చిన్నప్పటిది. బడి ఆటల్లో ఓడిపోయి వచ్చి, మెట్లమీద మోకాళ్ళలో మొహం పెట్టుకుని, పక్కకి తిరిగి, ఒక కన్ను మాత్రం కెమెరాకి కనబడేలా ఏడుస్తోంది. జుట్టుమీద వెలుగు అద్భుతంగా పడింది. కింద పచ్చటి గుర్తు. ఆ కిందే మాటలు. ఆడపిల్ల. ఒంటరి. భయం. కన్నీళ్ళు. దెబ్బలు. ఇల్లు.

మోకాలు గీసుకుపోయి ఉంది, అందుకని దెబ్బలు అని రాశాడు. అది బాగా గుర్తే.

ఎంతమంది తీసుకున్నారో లెక్క పక్కనే ఉంది. టైలరమ్మ ఫొటోకంటే చాలా ఎక్కువ.

"ఎవరు తీసుకున్నారు నాన్నా?"

"వాళ్ళు చెప్పరమ్మా."

"ఎందుకు తీసుకున్నారు?"

ఆ పిల్ల ఫొటోని వెతికే గడిలోకి లాగి, వేలు ఎత్తి పట్టుకుంది. నొక్కితే తెలుస్తుంది. వీధిలో ఏదో బండి హారను కొట్టుకుంటూ వెళ్ళింది. అతను చెయ్యి చాచి, గోడకున్న స్విచ్చి ఆపేశాడు. తెర నల్లబడింది. ఆ నలుపులో ఇద్దరి మొహాలూ మసకగా కనిపించాయి, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు నవ్వు లేకుండా.

ఇంటికి వెళ్ళే దారిలో ఆ పిల్ల తండ్రికి రెండడుగులు వెనకే నడిచింది.

ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. చిన్న అధికారి బాగా ఆలోచించాడట, పైవాళ్ళతో మాట్లాడాడట. అంటించిన పోస్టర్లు ప్రచారం అయ్యేదాకా తియ్యడానికి లేదు. కానీ తర్వాతి విడతలో 'నయమైంది' అనే పోస్టరు ఒకటి ఉంది. మందులు వాడి, కోలుకుని, చిరునవ్వు నవ్వుతున్న మనిషి. అదే ఆవిడ మొహంతో వేస్తే జనం కళ్ళలో పడ్డ మచ్చ జనం కళ్ళతోనే తుడుచుకుపోతుంది. కొత్త ఫొటో మీరే తియ్యండి. సంతకానికి కాగితం పంపిస్తున్నాను, అందులో పాత ఫొటో సంగతి కూడా ఒక వాక్యం కలిపాను, మీకూ మాకూ ఇబ్బంది ఉండదు, అన్నాడు.

ఫోను పెట్టేశాక ఫొటోగ్రాఫరుకి ఊపిరి ఆడింది. ఎంత పొందిగ్గా ఉంది ఉపాయం. భార్యకి చెబితే ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, 'లేని జబ్బు నయమైందని వేస్తారా' అంది. పోస్టరు చూసేవాళ్ళకి ఉందా లేదా అని కాదు, తగ్గిందా లేదా అని కావాలి అన్నాడు. చెప్పింది తనకే బాగా నచ్చింది. కెమెరా తుడిచాడు, గొడుగు దీపం మడిచాడు, వెలుగు తిప్పే వెండి అట్ట పట్టుకోవడానికి కూతుర్ని రమ్మన్నాడు. ఆ పిల్ల రానంది. తర్వాత ఏమనుకుందో చెప్పులు వేసుకుని వచ్చింది.

టైలరమ్మ గదిలో సామాను సగం సర్దేసి ఉంది. మిషను మాత్రం కిటికీ దగ్గరే ఉంది. గోడమీద పటం ఉంది కానీ, వీపు ఇటు తిరిగి ఉంది. వెనక అట్టకి ఆవిడ చొక్కా కొలతల కాగితాలు గుండుసూదులతో గుచ్చుకుంది.

అతను లోపలికి వస్తూనే దీపానికి చోటు చూసుకున్నాడు. ఇదివరకటి వెలుగు దిగులు వెలుగు, ఈసారి ఎదురుగా పడాలి అనుకున్నాడు. కూతురు అట్ట పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. దానిమీద పడ్డ ఎండ, గదిలో గోడమీద తెల్లగా వణుకుతోంది.

టైలరమ్మ పిల్లని స్టూలుమీద కూర్చోమంది. పిల్ల కూర్చోలేదు.

ఫొటోగ్రాఫరు విషయం చెప్పాడు. ముందు అధికారి మంచితనం చెప్పాడు, తర్వాత కొత్త పోస్టరు చెప్పాడు, చివర్లో కాగితం తీశాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు. ఆవిడ మిషనుమీద పని ఆపకుండానే వింది. కాగితం అందుకుని, కిటికీ వెలుగులో పెట్టుకుని, వేలితో ఒక్కో పంక్తీ కిందికి జరుపుతూ చదివింది. పాత ఫొటో ఊసున్న వాక్యం దగ్గర వేలు ఆగింది.

"ఊళ్ళో ఉన్న పోస్టర్లన్నీ చూసొచ్చాను అన్నయ్యగారూ" అంది, కాగితంలోంచి తల ఎత్తకుండా. "ఆస్పత్రి దగ్గరది కింద మూల ఎవరో గోరుతో గీకారు. నా మొహం గీకారేమోనని దగ్గరికి వెళ్ళి చూశాను. మొహం అలాగే ఉంది. కిందది మాత్రమే గీకారు."

అతని బొటనవేలు తనంతట తానే మడుచుకుంది.

"బస్టాండులోది గీకలేదు" అంది ఆవిడ. "అది చదివాను."

గోడమీది తెల్లటి వెలుగు కదులుతోంది, అట్ట పట్టుకున్న చేతులు కదులుతున్నాయి కాబట్టి.

తెలియక జరిగిందనీ, చెడు చెయ్యాలని కాదనీ, ఎవరో ఏదో మాట చూసి అపార్థం చేసుకున్నారనీ అన్నాడు. ఆ మాట ఎవరు రాశారో అనలేదు. తలుపు దగ్గర పిల్ల, 'నాన్నా' అంది మెల్లగా. అతను వినిపించుకోనట్టు జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, మిషను బల్లమీద ఆవిడ చేతికి అందేలా పెట్టాడు.

"జరిగిందేదో జరిగింది చెల్లెమ్మా. ఇప్పుడు నీ గది నిలబడాలి, బడి పని మళ్ళీ రావాలి. అదిగో ఆ స్టూలుమీద కూర్చో. కొంచెం నవ్వు. మిగతాది నేను చూసుకుంటాను."

టైలరమ్మ గుడ్డని సూది కిందనుంచి లాగి, కత్తెరతో దారం కత్తిరించింది. కాగితాన్ని వచ్చిన మడతల్లోనే మడిచి, పెన్నుకి మూత పెట్టి, రెండూ కలిపి అతనివైపు జరిపింది. అప్పుడు తలుపు దగ్గరున్న పిల్లవైపు చూసింది.

"నాకు జబ్బు లేదు, నయమవడానికి. మీ అమ్మాయి ఇక్కడే ఉందిగా, ఆ స్టూలుమీద దాన్ని కూర్చోబెట్టి తీసుకోండి. సంతకం మీరే పెట్టండి."